గంట అద్దెకు దొరికిన ఆట: బ్రౌజర్ గేమ్ అంటే అసలేమిటి?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఆదివారం చాయ్ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి.

ఇదివరకు కామాఠీల పేరు మీద కామాఠీపురా ఎలా వచ్చిందో, 1982 మిల్లుల సమ్మె తర్వాత మనవాళ్లు ఎటెటు పోయారో రాశాను. ఇవాళ్టిది అంత పాత కథ కాదు. ఇప్పుడు ముప్పై, ముప్పై అయిదేళ్ల వయసున్న మన పిల్లల కథ. ఇదీ చరిత్రేనా అని కొందరు నవ్వొచ్చు. కానీ మిల్లు పోయినా పొగగొట్టం కొన్నాళ్లు నిలబడింది, ఫోటోలు మిగిలాయి, యూనియన్ కార్డులు మిగిలాయి. ఈ పిల్లలు ఆడిన ఆటలకు అలాంటి ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసినప్పటి నుంచి మన ఇళ్లలో ఒకే మాట వినపడుతోంది: "ఫోన్‌లో గేములన్నీ ఒకటే, అన్నీ ఇల్లు గుల్ల చేసేవే." డబ్బు పెట్టి ఆడే ఆటలు ఎన్ని కాపురాలు చెడగొట్టాయో మనకు తెలుసు. అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. కానీ కొత్త చట్టం కూడా అన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. ఈ-స్పోర్ట్స్, కాలక్షేపానికి ఆడే సోషల్ గేములు, డబ్బు పెట్టి ఆడే మనీ గేములు అని మూడుగా విడదీసి, మూడోదాన్నే నిషేధించింది. అది ఆటలో డబ్బు ఉందా లేదా అని చూసిన లెక్క. నేను చెప్పబోయే బ్రౌజర్ గేమ్ అనే లెక్క వేరు. ఆట ఎక్కడ ఉంటుంది, మన దగ్గరికి ఎలా వస్తుంది అని చూసే లెక్క. రమ్మీ కూడా బ్రౌజర్‌లో ఆడొచ్చు, అది వేరే సంగతి. ఆటను తిట్టే ముందు అది ఏ రకం ఆటో తెలుసుకోవాలి కదా.

ముందు మాట తేల్చుకుందాం

బ్రౌజర్ అంటే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి ప్రోగ్రామ్. వెబ్ పేజీలు చూపించడం దాని పని. ఆ పేజీ చూపించే కిటికీలోనే ఆడే ఆట బ్రౌజర్ గేమ్. దాన్ని కంప్యూటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అడ్రస్ కొడితే పేజీ వచ్చినట్టే ఆట వస్తుంది, కిటికీ మూస్తే పోతుంది. ఆట మన యంత్రంలో కాపురం పెట్టదు, చుట్టపుచూపుగా వచ్చిపోతుంది.

ఇందులో కొత్తేముంది అనుకోకండి. మన చాల్ గ్యాలరీల్లో అష్టాచెమ్మ ఎలా ఆడేవాళ్లం? పెట్టె లేదు, బోర్డు లేదు. సుద్దముక్కో ఇటుకముక్కో దొరికితే నేల మీద అయిదు వరుసలు, అయిదు నిలువులు గళ్లు గీసుకోవడమే. గవ్వలు లేకపోతే చింతగింజలు చీల్చుకోవడమే. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆట అయిపోయాక అమ్మ నీళ్లు పోసి కడిగితే బోర్డు మాయం. ఆట కొన్నవాళ్లు ఎవరూ లేరు, నేల ఉన్న ప్రతివాడూ ఆడాడు. నూట అరవై చదరపు అడుగుల బీడీడీ చాల్ గదిలోనో, అంతకన్నా చిన్న ధారావి ఖోలీలోనో ఆట సామాను దాచే చోటు ఎక్కడిది? దాచనక్కర్లేని ఆటే మనకు కుదిరే ఆట. బ్రౌజర్ గేమ్ మన గల్లీల్లో అంతగా పట్టు దొరకబుచ్చుకున్నది కూడా అందుకే.

దానికి ముందు ఏముండేది

1990లలో మనకు వీడియో గేమ్ అంటే రెండే. ఒకటి పార్లర్: చిన్న షాపు, లోపల చీకటి, నాలుగైదు నిలువు యంత్రాలు, కాయిన్ వేస్తే ఆట. 1993లో క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చిన "క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్" అసలు పేరు ఎవరికీ తెలియదు. పసుపు టోపీ పెట్టుకున్న వీరుడి పేరు మీద దేశమంతా దాన్ని "ముస్తఫా గేమ్" అనే పిలిచింది. రెండోది టీవీకి తగిలించే క్యాసెట్ గేమ్. మారియో, కాంట్రా ఆడినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పార్లర్‌లో ఆట యంత్రంలో ఉంటుంది, యంత్రం షాపువాడిది. టీవీ గేమ్‌లో ఆట క్యాసెట్‌లో ఉంటుంది, క్యాసెట్ కొన్నవాడిది. కంప్యూటర్ గేమ్‌లు వచ్చాక ఆట సీడీలో వచ్చింది, హార్డ్ డిస్క్‌లోకి ఎక్కింది. కామాఠీపురా నుంచి లామింగ్టన్ రోడ్డు నడిచిపోయేంత దూరం. ముంబయిలో కంప్యూటర్ సామాన్లకు పెద్ద బజారు అదే. ఆ షాపుల ముందు నిలబడి చూసిన మన పిల్లలెందరో, కొనుక్కున్నవాళ్లు కొందరే. ఆట ఎప్పుడూ ఒక వస్తువుకు అంటిపెట్టుకునే ఉండేది. వస్తువు లేనివాడు పక్కన నిలబడి చూసేవాడు.

సైబర్ కేఫ్ వచ్చింది

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట దొరికిన నగరాల్లో ముంబయి ఒకటి. 1998లో ప్రైవేటు కంపెనీలను అనుమతించాక గల్లీ గల్లీకి సైబర్ కేఫ్ వచ్చింది. సిఫీ ఐవే లాంటి చెయిన్లు వచ్చాయి. వాటికన్నా ఎక్కువగా ఒక జెరాక్స్ మిషన్, ఎస్టీడీ బూత్, నాలుగు కంప్యూటర్లు కలిపి పెట్టిన చిన్న కొట్లు వచ్చాయి. గంట లెక్కన, అరగంట లెక్కన డబ్బు.

అక్కడ రెండు రకాల ఆటలు నడిచేవి. ఒకటి, కేఫ్ యజమాని ముందే ఎక్కించి పెట్టిన కౌంటర్-స్ట్రయిక్ లాంటివి. పెద్ద పిల్లలు గుంపుగా వచ్చి ఆడేవాళ్లు. యజమాని ఏది ఎక్కిస్తే అదే. రెండోది, చిన్నపిల్లలు తమకు తామే వెతుక్కున్న బ్రౌజర్ గేమ్‌లు. చాలా కేఫ్‌లలో డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. మనం ఏం ఎక్కించినా, కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే అంతా తుడిచిపెట్టుకుపోయి మొదటికొచ్చేది. అలాంటి యంత్రం మీద, యజమానిని అడగకుండా, ఏమీ ఎక్కించకుండా ఆడగలిగేది బ్రౌజర్ గేమ్ ఒక్కటే. "ఇన్‌స్టాల్ అక్కర్లేదు" అనేది పుస్తకంలో నిర్వచనం మాత్రమే కాదు. కంప్యూటర్ లేని పిల్లవాడికి తలుపు తెరిచింది అదే.

ఆ కిటికీలోకి ఆట ఎలా దూరింది

వెబ్ పేజీ పుట్టింది చదవడానికి. అక్షరాలు, బొమ్మలు, లింకులు. అందులో బొమ్మ కదలాలంటే, మీట నొక్కితే గెంతాలంటే కొత్త పనిముట్లు కావాలి. 1995లో జావా వచ్చింది. అదే ఏడాది నెట్‌స్కేప్ బ్రౌజర్ కోసం బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తయారుచేశాడు. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న బొమ్మలాట సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని మాక్రోమీడియా కొని ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది.

ఫ్లాష్ గొప్పతనం ఎక్కడుందంటే, బొమ్మను చుక్కలు చుక్కలుగా పంపదు. ఇక్కడి నుంచి ఇక్కడికి గీత, ఇంత వంపు, ఈ రంగు అని లెక్క పంపుతుంది. గీసే పని మన కంప్యూటర్ చేసుకుంటుంది. ముగ్గును ఫోటో తీసి పంపే బదులు ఎన్ని చుక్కలో, ఎక్కడ కలపాలో చెప్పినట్టు. అందుకే ఫైలు చిన్నది. అప్పటి 56 కే మోడెమ్ మీద ఒక ఎంబీ రావాలంటే అన్నీ సవ్యంగా ఉన్నా రెండున్నర నిమిషాలకు తక్కువ కాదు. గంటకు డబ్బు కట్టిన పిల్లవాడు "లోడింగ్" పట్టీ నిండడం చూస్తూ గడియారం చూసుకునేవాడు. ఫైలు చిన్నదైతే ఆట సమయం పెరిగినట్టే.

ఇక్కడ కొందరు తమ్ముళ్లు ఒక ప్రశ్న వేస్తారు. ఫ్లాష్ ప్లగిన్‌ను ఒకసారి ఇన్‌స్టాల్ చేయాలి కదా, మరి ఇన్‌స్టాల్ లేదంటారేం అని. న్యాయమైన ప్రశ్నే. చాల్‌లో నల్లా ఒక్కసారే వేయిస్తాం, నీళ్లు రోజూ పట్టుకుంటాం. ప్లగిన్ నల్లా లాంటిది, ఆటలు నీళ్లు. ప్రతి ఆటకూ విడిగా ఏదీ ఎక్కించనక్కర్లేదు, అదే తేడా.

ఏమేం ఆడేవాళ్లు

2001లో ఇంగ్లండ్‌లో మినీక్లిప్ సైట్ వచ్చింది. ఆ పేరు వింటేనే మన పిల్లల్లో సగం మంది మొహాలు వెలుగుతాయి. స్టిక్ క్రికెట్ ఆడని ఆఫీసు కుర్రాడు లేడు. పుల్లల్లాంటి మనుషులు, రెండు మీటలు, ఓవర్‌కు ముప్పై ఆరు కొట్టొచ్చు. 2009లో వచ్చిన ఫైర్‌బాయ్ అండ్ వాటర్‌గర్ల్ ఇంకో రకం. నిప్పు పిల్లవాడు, నీళ్ల పిల్ల. ఒకరు బాణం మీటలతో, ఇంకొకరు అక్షరాల మీటలతో, ఒకే కీబోర్డు మీద ఇద్దరూ కలిసి ఆడాలి. ఒకరి డబ్బుతో ఇద్దరు ఆడుకోవచ్చు. అన్నా చెల్లెలూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఆడిన ఆట అది.

ఇవి పేజీతో వచ్చి పేజీతో పోయే ఆటలు. ఇంకో కొమ్మ కూడా ఉంది. అందులో మన ఆట ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో దాచి ఉంటుంది. మనం పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్తాం. 2001లో ఇంగ్లండ్‌లో పుట్టిన రూన్‌స్కేప్, 2004లో జర్మనీలో పుట్టిన ట్రావియన్ అలాంటివి. ట్రావియన్‌లో మనం పడుకున్నా ఊరు పెరుగుతూనే ఉంటుంది, శత్రువు దాడి చేస్తూనే ఉంటాడు. డీప్ ఫ్రీజ్ తుడిచినా ఈ ఆటకు ఏమీ కాదు, ఎందుకంటే అది ఆ కంప్యూటర్‌లో లేనేలేదు. ఇవాళ సయన్‌లో, రేపు మాహింలో, ఏ కేఫ్‌లో కూర్చున్నా మన ఊరు మనకు దొరుకుతుంది. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్ ఈ కొమ్మకే కాసిన కాయ. ఒక దశలో నెలకు 8 కోట్లకు పైగా జనం అందులో పొలం దున్నారు. పాలమూరులో పొలం వదిలి వచ్చిన కుటుంబాల పిల్లలు కంప్యూటర్‌లో పంట కోతకు వచ్చిందని పరిగెత్తడం చూసి పెద్దవాళ్లు నవ్వడం మీకు గుర్తుండే ఉంటుంది.

మన ముంబయి కూడా ఊరికే చూస్తూ కూర్చోలేదు. 2006లో అనిల్ అంబానీ రిలయన్స్ గ్రూపు జపాక్ మొదలుపెట్టింది. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే ఆటలు, ప్రకటనల మీద ఆదాయం. గేమ్‌ప్లెక్స్ పేరుతో గేమింగ్ కేఫ్‌లు కూడా తెరిచారు. అలోక్ కేజ్రీవాల్ నడిపిన గేమ్స్‌టువిన్ కూడా ఈ ఊరి కంపెనీయే. మొదట బ్రౌజర్ ఆటలు చేసి, తర్వాత ఫోన్‌కు మారి, 2012లో పార్కింగ్ ఫ్రెంజీ అనే ఆటతో విదేశాల్లోనూ పేరు తెచ్చుకుంది. బ్రౌజర్ నుంచి ఫోన్‌కు ఆ కంపెనీ వేసిన అడుగే తర్వాత మొత్తం లోకం వేసింది.

గట్టు ఎక్కడ?

ఏ నిర్వచనమైనా గట్టు దగ్గరే తేలుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

ఒకటి, ఇంటర్నెట్ పోతే క్రోమ్‌లో వచ్చే డైనోసార్ ఆట. 2014 నుంచి ఉంది. వానాకాలంలో కేబుల్ తెగినప్పుడల్లా మన పిల్లలు ఆడేది అదే. నెట్ లేకుండానే ఆడతాం, అయినా బ్రౌజర్ కిటికీలోనే ఆడతాం. అంటే బ్రౌజర్ గేమ్‌కు, ఆన్‌లైన్ గేమ్‌కు అర్థం ఒకటి కాదు.

రెండు, క్లౌడ్ గేమింగ్. పెద్ద ఆట ఎక్కడో శక్తిమంతమైన కంప్యూటర్ మీద నడుస్తుంది, మన బ్రౌజర్‌లోకి దాని వీడియో మాత్రం వస్తుంది. కిటికీ బ్రౌజర్‌దే కానీ ఆటను నడిపేది బ్రౌజర్ కాదు. టీవీలో క్రికెట్ వస్తున్నంత మాత్రాన ఖోలీలో మ్యాచ్ జరుగుతున్నట్టు కాదు కదా. దీన్ని నేను బ్రౌజర్ గేమ్ అనను.

మూడు, వెబ్ పేజీ కోసం రాసిన ఆటనే యాప్‌గా మూటగట్టి ఫోన్‌లో ఎక్కించేవి. లోపల సరుకు అదే అయినా, ఇన్‌స్టాల్ చేయమని, కాంటాక్టులు చూస్తానని, నోటిఫికేషన్లు పంపుతానని అడిగిన నిమిషంలో అది చుట్టపుచూపు వదిలి ఇంట్లో తిష్ట వేసినట్టే. తల్లిదండ్రులు చూసుకోవాల్సిన తేడా ఇది. కిటికీ మూస్తే పోయే ఆట వేరు, అర్ధరాత్రి "నీ బోనస్ వచ్చింది, రా" అని పిలిచే ఆట వేరు.

ఎలా పోయాయి

మూడు దెబ్బలు పడ్డాయి. మొదటిది, 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు. ఎవరొచ్చినా గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రాసుకుని ఏడాది దాచాలి, గదుల మధ్య అడ్డు నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఫోటో కార్డు లేని పిల్లవాడు పెద్దవాళ్లను వెంట తెచ్చుకోవాలి. భద్రత కోసం పెట్టినవే. కానీ బడి నుంచి వస్తూ అరగంట ఆడుకునే పిల్లవాడికి దారి ఇరుకైంది.

రెండోది ఫోన్. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా లేఖ రాసి, ఐఫోన్‌లో ఫ్లాష్ ఉండదని తేల్చాడు. 2012లో అడోబీ ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ఫ్లాష్ చేయడం మానేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. డేటా చవకైంది, ప్రతి చేతిలో ఫోన్ వచ్చింది, ఆట యాప్‌లోకి మారింది. మన కేఫ్‌లు ఆధార్ ఫారాలు, పాన్ ఫారాలు నింపే కొట్లయ్యాయి.

మూడోది చివరి దెబ్బ. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ఆగిపోతుందని అడోబీ 2017లోనే చెప్పింది, చెప్పినట్టే ఆపింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ లోపల ఆటలు తెరుచుకోకుండా కూడా చేసింది. ఫార్మ్‌విల్ కూడా అదే డిసెంబరు 31న మూతపడింది. లాక్‌డౌన్‌లో ఊళ్లకు నడిచివెళ్లిన మనవాళ్లు అప్పుడప్పుడే తిరిగి వస్తున్న రోజులవి. మనలో ఎవరూ దాన్ని గమనించలేదు.

క్యాసెట్ కొన్నవాడి దగ్గర క్యాసెట్ ఇప్పటికీ అటక మీద ఉండొచ్చు. బ్రౌజర్ గేమ్ ఆడినవాడి దగ్గర ఏమీ లేదు. అతనికి తలుపు తెరిచిన గుణమే ఇప్పుడు చేతులు ఖాళీ చేసింది. సొంతం చేసుకోనక్కర్లేని ఆట కాబట్టి ఆడగలిగాడు, సొంతం కాలేదు కాబట్టి దాచుకోలేకపోయాడు.

మిగిలింది, మనం చేయగలిగింది

అంతా పోలేదు. 2018లో మొదలైన ఫ్లాష్‌పాయింట్ అనే పనిలో దేశదేశాల ఔత్సాహికులు కలిసి లక్షకు పైగా ఆటలను భద్రపరిచారు. రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాత ఫ్లాష్ ఫైళ్లను ఇవాళ్టి బ్రౌజర్‌లో నడిపిస్తుంది. దాని సాయంతోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచి పాత ఆటలను మళ్లీ ఆడుకోనిస్తోంది. కానీ సర్వర్‌లో ఉన్న ఆటల సంగతి వేరు. కంపెనీ సర్వర్ ఆపితే ఫైలు దాచినా ఊరు తిరిగి రాదు.

బ్రౌజర్ గేమ్ కూడా చచ్చిపోలేదు. ఇప్పుడు ప్లగిన్ అక్కర్లేదు, బ్రౌజరే బొమ్మలు గీస్తుంది. 2014లో ఇటలీకి చెందిన పంతొమ్మిదేళ్ల గాబ్రియేలే చిరుల్లి ఒక వారాంతంలో 2048 ఆట రాసి, కోడ్ అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 2021లో జాష్ వార్డిల్ వర్డిల్ పెట్టాడు. రోజుకు ఒక్క మాట, ఒక్క ఆట, అప్పట్లో ప్రకటన ఉండేది కాదు. మరుసటి జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనుక్కుంది. ఇలాంటివి చేయడానికి కావలసింది ఒక పాత కంప్యూటర్, ఒక నోట్‌ప్యాడ్, ఒక బ్రౌజర్. మన సంఘం గదిలో ఈ మూడూ ఉన్నాయి.

అందుకే కార్యవర్గం ముందు రెండు మాటలు పెడుతున్నాను. మొదటిది: ధారావిలో, కామాఠీపురాలో, వర్లీ, నాయ్‌గావ్ చాల్‌లలో ఏ గల్లీలో ఏ కేఫ్ ఉండేది, గంటకు ఎంత, ఏ ఆట ఆడేవారు అని ఒక నోట్‌బుక్ పెట్టి రాయిద్దాం. పునరభివృద్ధిలో గల్లీలే మారిపోతున్నాయి, ఆ కొట్ల జాగా రేపు చూపించడానికి కూడా ఉండదు. రెండోది: సెలవుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలను కూర్చోబెట్టి అష్టాచెమ్మను ఒక వెబ్ పేజీగా చేయిద్దాం. గవ్వల లెక్క, గళ్ల దారి పెద్దవాళ్లు చెప్పాలి, కోడ్ పిల్లలు రాయాలి. తెలుగు అక్షరాలతో, డబ్బు లేకుండా, ఇన్‌స్టాల్ లేకుండా. ఫైలు సంఘం దగ్గరే ఉంటుంది, అడిగినవాళ్లకు పెన్ డ్రైవ్‌లో ఇద్దాం. ఎవరి సర్వర్ ఆగినా మన ఆట ఆగదు.

నేర్పడానికి వారానికి రెండు గంటలు ఇవ్వగల తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చే ఆదివారం సమావేశానికి ముందే నాకు పేరు చెప్పండి. పిన్నమ్మలు, పెద్దమ్మలు కూడా రావాలి. అష్టాచెమ్మలో పంట పండేదాకా కాయ ఏ దారిన నడవాలో మీకు తెలిసినంత మాకెవరికీ తెలియదు.